ట్రయల్ మడి లెక్క ఊరికి తెలియాల

(మంగంపేట రైతు సభలో చేసిన ప్రసంగం)



మంగంపేట అంటే బయటోళ్లకు ముగ్గురాయి గనులే గుర్తుకొస్తాయి. మనకు మాత్రం ఇక్కడి నుంచి రైల్వేకోడూరు దాకా ఉండే బొప్పాయి, అరటి, మామిడి తోటలే బతుకు. బొప్పాయికి రింగ్‌స్పాట్ వైరస్ తగిలితే మందు లేదు, చెట్టు పీకేయాల్సిందే. అందుకే వైరస్‌ను తట్టుకునే జన్యుమార్పిడి బొప్పాయి అంటే మనకు ఆశ పుడుతుంది. ఆ ఆశ తప్పు కాదు. హవాయి దీవుల్లో 1998లో రైతులకు అట్లాంటి బొప్పాయి ఇచ్చారు. తెగులుకు తట్టుకుని నిలబడింది. కానీ జపాన్ దాన్ని 2011 దాకా తన బజారుకు రానియ్యలేదు. కాబట్టి పంట పండితే సరిపోదు, కొనేవాడు ఒప్పుకోవాల.

ట్రయల్ అదుపు తప్పితే ఏమవుతుందో థాయ్‌లాండ్‌ను చూడండి. అక్కడ కోన్ కేన్‌లో ప్రభుత్వ పరిశోధన క్షేత్రంలో ఈ బొప్పాయిని పరీక్షించారు. 2004లో చూస్తే అదే జన్యువు బయట రైతుల తోటల్లో దొరికింది. పరీక్ష చేసింది ఒకరు, చెట్లు నరుక్కున్నది ఇంకొకరు.

మన దేశంలోనూ ఇదే జరిగింది. బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది 2002 మార్చిలో. 2001లోనే గుజరాత్‌లో వేల ఎకరాల్లో అనుమతి లేని బీటీ పత్తి బయటపడింది. కలుపుమందును తట్టుకునే పత్తికి అనుమతి అడిగిన కంపెనీ 2016లో దరఖాస్తు వెనక్కి తీసుకుంది. మరుసటేడే అదే గుణమున్న పత్తి ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్ చేలల్లో కనిపించింది. తనిఖీ వస్తే పోయేది రైతు పైరే.

జన్యువు మూడు దారుల్లో గెనిమ దాటుతుంది: పుప్పొడితో, గింజతో, మనిషి చేతితో. పక్క తోట పుప్పొడి పడితే మన కాయలో కండ మారదు, గింజ మారుతుంది. ఆ గింజతో నారు పోస్తే జన్యువు మన తోటలోకి వచ్చినట్టే. పుప్పొడికి దూరం, పూత సంచులు అడ్డం పెట్టొచ్చు. గింజకూ మనిషికీ మాత్రం లెక్కే కంచె.

చట్టం లేక కాదు. 1989 నియమాల ప్రకారం జిల్లా స్థాయి కమిటీ ఉండాల, దానికి కలెక్టరే అధ్యక్షుడు. 2011 నుంచి రాష్ట్రం నిరభ్యంతర పత్రం లేకుండా ట్రయల్ వేయకూడదు. ఆ కమిటీ కాగితం మీద కాకుండా పొలం గట్టు మీద కనబడాల.

అందుకే మన సంఘం అడిగేది ఇది. ఒకటి, ట్రయల్ కౌలు పొలంలో వద్దు, కంచె, కాపలా ఉన్న పరిశోధన క్షేత్రంలోనే వేయాల. రెండు, ఏ పంట, ఎన్ని సెంట్లు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నది ముందే తెలుగులో పంచాయతీ బోర్డు మీద పెట్టాల. మూడు, లోపలికి పోయిన గింజ, మొక్క, కాయ లెక్క, కాల్చేసిన లెక్క పక్క రైతుల ముందు సరిపోవాల. నాలుగు, కోత అయినాక కూడా ఆ నేలలో మళ్లీ మొలిచే మొక్కలను పీకుతా ఉండాల. ఐదు, చుట్టుపక్కల తోటకు నష్టమొస్తే కట్టేదెవరో ట్రయల్‌కు ముందే రాసివ్వాల, డబ్బు డిపాజిట్ చేయాల.

మనం సైన్సుకు అడ్డం కాదు. లెక్క చూపని సైన్సుకు అడ్డం. మీ ఊరి దగ్గర కొత్త మడి, కొత్త కంచె కనిపిస్తే పీకడానికి పోవద్దు. పంచాయతీలో అర్జీ పెట్టి, కలెక్టరుకు ఒక నకలు పంపి, రశీదు తీసుకోండి. ఆ రశీదు సంఘానికి తెచ్చివ్వండి. మిగతా పని కలిసి చేద్దాం.