బస్తా పెంచితే గింజ పెరగదు



2025 ఖరీఫ్‌లో యూరియా కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రైతులు లైన్లు కట్టారు. చెప్పులు వరుసలో పెట్టి కాచుకున్నారు. ఆ లైన్లలో మనోళ్లూ ఉన్నారు. ఎరువు టయానికి దొరకాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ దొరికిన బస్తాను చేన్లో ఎంత వేస్తున్నాం, ఎవరు చెప్తే వేస్తున్నాం? ఈరోజు ఓర్వకల్లులో ఆ సంగతే మాట్లాడతా.

ముందు లెక్క చూడండి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైమాటే. వానాధారం కొర్రకు వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది ఎకరాకు సుమారు 16 కిలోలు. విత్తేటప్పుడు సగం, మూడు నాలుగు వారాలకు సగం. యూరియాగా చూస్తే 35 కిలోలు. ఒక బస్తా కూడా పట్టదు. మరి రెండేసి బస్తాలు ఎందుకు చల్లుతున్నాం? పక్క చేను మన చేనుకంటే పచ్చగా ఉందని!

ఆ పచ్చదనమే మనల్ని మోసం చేస్తుంది. నత్రజని ఎక్కువైతే పైరు ఆకు మీద ఆకు వేస్తుంది, కాండం మెత్తబడుతుంది. ఆ ఆకులన్నీ నేలలోని పదును ముందే తాగేస్తాయి. కర్నూలు వైపు ఏడాదికి పడేది దాదాపు 670 మిల్లీమీటర్ల వాన. అదీ మధ్యలో వారాల తరబడి మొహం చాటేస్తుంది. కంకి పాలు పోసుకునే టయానికి నేలలో తడి ఉండదు. గడ్డి మిగులుతుంది, గింజ తాలవుతుంది. గాలివాన వస్తే పైరు అడ్డం పడుతుంది. తెగుళ్లు, పురుగులు కూడా తోడవుతాయి. విత్తనాన్ని ఆనుకొని యూరియా పడితే మొలకే మాడిపోతుంది. డీఏపీ అదేపనిగా పోస్తే పైరుకు జింకు సరిగా అందదు, ఆకు పాలిపోతుంది. అది చూసి మళ్లీ యూరియా చల్లుతాం.

పొడుగు రకాలు ఎరువుకు పడిపోతున్నాయనే గోధుమలో, వరిలో పొట్టి రకాలు తయారుచేశారు. 1966లో వచ్చిన ఐఆర్-8 వరి అట్లాంటిదే. పొట్టి విత్తనం, నిండా నీళ్లు, ఎక్కువ ఎరువు, ఈ మూడూ ఒక జట్టు. మన మెట్ట చేన్లకు నీళ్లు రాలేదు. బస్తా మాత్రం వచ్చింది.

తప్పంతా రైతుదేనా? కాదు. మనలో చాలామంది కౌలుకు చేస్తారు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూమి యజమాని ఒప్పుకొని సంతకం పెట్టాలి. కార్డు లేకుంటే బ్యాంకు అప్పు దొరకడం కష్టం. అంగట్లో అరువు తెస్తాం. అరువిచ్చినోడు చెప్పిందే సలహా అవుతుంది. ఒక ఏడు మా నాయనతో, యూరియా కావాలంటే ఈ మందు డబ్బా కూడా కొనాలన్నారు. కొన్నాడు. కొర్ర నడుము దాటి పెరిగింది, ఊరంతా మెచ్చుకుంది. కల్లంలో తూర్పారబడితే సగం తాలే. అప్పు మాత్రం తాలు కాలేదు.

ఎరువే వద్దని నేను అనట్లేదు. నేలకు బలం కావాలి, కానీ లెక్క ప్రకారం కావాలి. కొర్ర అయిదు సాళ్లకు కంది ఒక సాలు వేయండి. కంది వేర్లు గాలిలోని నత్రజనిని పట్టుకుంటాయి. చేన్లో గొర్రెల మంద పెట్టించండి. దిబ్బ ఎరువు తోలితే నేల పదును కూడా నిలుస్తుంది. ఇవి మన పెద్దోళ్లకు తెలిసినవే.

మనం అడగాల్సినవీ ఉన్నాయి. సాయిల్ హెల్త్ కార్డుల పథకం 2015లో మొదలైంది. ప్రతి తండాలో, ప్రతి కాలనీలో మట్టి పరీక్ష చేసి, ఫలితం తెలుగులో చదివి చెప్పాలి. కౌలు రైతుకు యజమాని దయతో పనిలేకుండా గుర్తింపు కార్డు ఇవ్వాలి. బస్తాకిచ్చే సబ్సిడీలో కొంతయినా పెంటకు, మందకు ఇవ్వాలి.

చదువుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని చెప్తా. ఈసారి మీ చేన్లో పది సాళ్లకు లెక్క ప్రకారం ఎరువు వేయించండి, పక్క పది సాళ్లకు మీ నాయన ఎప్పుడూ వేసేటంత వేయనివ్వండి. కోతకు రెండూ వేరువేరుగా తూకం వేయండి. ఖర్చు కూడా పక్కనే రాయండి. నా మాట నమ్మాల్సిన పనిలేదు, ఆ తూకాన్ని నమ్మండి. ఆ కాగితం పట్టుకొని వచ్చే ఏడు ఇక్కడే మళ్లీ కూర్చుందాం.

జై ఆదివాసీ!