నిన్నటి బ్రెడ్డు – ఇవాళ్టి పలారం
(ఎడ్లపాడు అక్కచెల్లెళ్ల కోసం ప్రసంగ పాఠం)



ఇవాళ్టి మాట వంట గురించి. ఆడవాళ్లకు వంట గురించి చెప్పేదేముంది అని నవ్వకండి. వంట మీకు ఎప్పుడో వచ్చు. చదువు కొత్తగా వచ్చింది. ఈ రెండూ ఒకచోట కలిస్తే ఎంత మేలో చూడండి.

పది గంటల ఆకలి

మిరప కోతల కాలం వచ్చిందంటే ఆడకూలీలు తెల్లవారక ముందే లేస్తారు. వాకిలి ఊడ్చాలి. నీళ్లు పట్టాలి. పొయ్యి వెలిగించాలి. పిల్లలకు అన్నం వండి పెట్టాలి. సద్ది గిన్నె కట్టుకుని ఆటో ఎక్కాలి. స్పిన్నింగు మిల్లులో షిఫ్టుకు పోయే వాళ్లదీ ఇదే పరుగు. మరి వాళ్లు తినేదెప్పుడు? పొద్దున్నే ఒక గ్లాసు టీ. ఆ తర్వాత ముద్ద నోట్లో పడేది పదికో, పదకొండుకో.

పొద్దుటి పలారాన్నీ, మధ్యాహ్నం భోజనాన్నీ కలిపి ఒక్కసారే తినడాన్ని ఇంగ్లీషులో ‘బ్రంచ్’ అంటారు. 1895లో ఇంగ్లండులో గై బెరింజర్ అనే ఆయన ఒక పత్రికలో దీని గురించి రాశాడు. ఆదివారం ఆలస్యంగా లేచే వాళ్లకు ఇది బాగుంటుందని ఆయన మాట. అక్కడ ఆలస్యంగా లేచి ఆలస్యంగా తింటారు. ఇక్కడ కూలితల్లి అందరికన్నా ముందు లేచి, అందరికన్నా ఆలస్యంగా తింటుంది. తేడా అదీ!

పని లేని రోజున, పిల్లలు ఇంటి దగ్గరున్న రోజున, ఆ పది గంటల వేళకు అందరూ కలిసి కూర్చుని తినే పలారం ఒకటి ఇప్పుడు నేర్చుకుందాం. పండు కూరిన బ్రెడ్డు టోస్టు దాని పేరు. కొందరు బొంబాయి టోస్టు అంటారు. బయటి దేశాల్లో ఫ్రెంచి టోస్టు అంటారు.

ఎవరిదీ వంట?

పల్లెటూళ్లలో బ్రెడ్డు ప్యాకెట్టు ఎప్పుడు కొంటారు? ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే కొంటారు. నాలుగు ముక్కలు పాలల్లో ముంచి పెడతారు. జ్వరం తగ్గుతుంది. బిడ్డ అన్నం అడుగుతుంది. మిగిలిన ముక్కలు గూట్లో ఎండిపోతూ ఉంటాయి. పారేయడానికి చెయ్యి రాదు. తినడానికి నోటికి రుచించదు.

ఈ చిక్కు ఒక్క ఎడ్లపాడుదే కాదు. లోకమంతా ఉంది. ఫ్రాన్సు దేశంలో ఈ వంటకు పెట్టిన పేరుకు అర్థం ‘పోయిన రొట్టె’. చేజారిపోయిందనుకున్న రొట్టెను మళ్లీ తినేట్టు చేస్తారు కాబట్టి ఆ పేరు. జర్మనీలో ‘పేద వీరులు’ అంటారు. స్పెయిన్‌లో ఈస్టరు పండగ ముందు వారంలో ఇంటింటా చేసుకుంటారు. రోము దేశపు పాతకాలం వంట పుస్తకంలో కూడా రొట్టెను పాలల్లో ముంచి, వేయించి, తేనె పోసే వంట ఉంది. హైదరాబాదులో బ్రెడ్డు ముక్కల్ని నేతిలో వేయించి, పంచదార పాకంలో, పాలల్లో నానబెట్టి ‘డబుల్ కా మీఠా’ చేస్తారు. పెళ్లి విందుల్లో అది లేకుండా ఉండదు.

చూశారా! పారేసే దాన్ని పలారం చేసిన తెలివి ఎక్కడిదైనా వంటింటిదే.

ముందు ప్యాకెట్టు చదవండి

పొయ్యి వెలిగించే ముందు ఒక పని ఉంది. ఆ పని కళ్లతో చెయ్యాలి.

బ్రెడ్డు నిలవైతే ఫరవాలేదు. పాడైతే పనికిరాదు. నిలవైంది వేరు, పాడైంది వేరు. నిలవ బ్రెడ్డు గట్టిపడుతుంది, పొడిబారుతుంది. దాంతో టోస్టు బాగా వస్తుంది. పాడైన బ్రెడ్డు మీద బూజు పడుతుంది. ఆకుపచ్చగానో, తెల్లగానో, నల్లగానో చుక్కలు కనిపిస్తాయి. పుల్లటి వాసన, ముక్కవాసన వస్తుంది.

“బూజు పట్టిన చోట గిల్లేసి మిగతాది తింటే పోలా?” అని కొందరు అంటారు. పోదమ్మా. పైకి కనిపించేది కొంచెమే. బూజు వేళ్లు మెత్తటి బ్రెడ్డు లోపలికి దిగి ఉంటాయి. కొన్ని బూజులు విషాన్ని వదులుతాయి. పెనం మీద కాల్చినా ఆ విషం పోదు. ఒక్క ముక్కకు బూజు పడితే ఆ ప్యాకెట్టు మొత్తం పారేయండి. గేదెకూ వెయ్యకండి, కోడికీ వెయ్యకండి.

ఎండాకాలంలో రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతా చెప్పుకుంటారు. పల్నాడు వేడికి బ్రెడ్డు కవరులో చెమ్మ పుడుతుంది. బూజు తొందరగా పడుతుంది. వానాకాలంలోనూ అంతే. అందుకే ప్యాకెట్టు మీద తేదీ చూడాలి.

ప్యాకెట్టు మీద అక్షరాలు చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి. బెదరకండి. అంకెలు మీకు వచ్చు. చూడాల్సినవి ఇవి:

1. తయారైన తేదీ. ముందు రోజు, తర్వాత నెల, తర్వాత సంవత్సరం ఉంటాయి. 
2. ఏ తేదీ లోపల తినాలో ఆ తేదీ. కొన్నిటి మీద ‘ఇన్ని రోజుల్లోపు’ అని ఉంటుంది. అప్పుడు తయారైన తేదీకి ఆ రోజులు కలుపుకోవాలి.
3. ధర. పన్నులన్నీ కలిపిన ధర అది. అంతకు మించి ఒక్క రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు.
4. బరువు. ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది.
5. ఆహార భద్రత లైసెన్సు నంబరు. అందులో 14 అంకెలుంటాయి. 

శాకాహారమైతే ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. గుడ్డు తినని వాళ్లు అది చూసుకోవాలి.

2016లో ఒక సంగతి జరిగింది. బ్రెడ్డు బాగా పొంగడానికి పిండిలో పొటాషియం బ్రోమేట్ అనే రసాయనం కలిపేవారు. అది ఒంటికి మంచిది కాదని ఆ ఏడు మన దేశంలో దాన్ని నిషేధించారు. తినే వాళ్లు అడిగితేనే, చదివే వాళ్లు చూస్తేనే ఇలాంటివి బయటపడతాయి.

కావలసినవి (నలుగురికి)

బ్రెడ్డు ముక్కలు 8
కోడిగుడ్లు 3
పాలు ముప్పావు గ్లాసు
మగ్గిన అరటిపళ్లు 2
వేయించిన వేరుశనగపప్పు పొడి 4 చెంచాలు
పచ్చికొబ్బరి తురుము 2 చెంచాలు
బెల్లం తురుము 4 చెంచాలు
యాలకుల పొడి, ఉప్పు చిటికెడు
నెయ్యి లేదా నూనె 4 చెంచాలు
కోసిన పండ్ల ముక్కలు ఒక గ్లాసు
నిమ్మకాయ సగం

ఏ కాలంలో ఏ పండు చవకో ఆ పండు తెచ్చుకోండి. ఎండాకాలంలో మామిడి ఉంది. వానలు వెనకబట్టాక కొండవీటి కొండల పక్కన సీతాఫలం ఉంది. చలికాలంలో జామ ఉంది. బొప్పాయి, అరటి ఏడాదంతా దొరుకుతాయి. ఖరీదైన పండే కావాలని లేదు. మామిడిని కార్బైడు పొడితో మగ్గబెట్టడం చట్టప్రకారం నేరం. బుట్టలో పొడి పొట్లాలు కనిపిస్తే ఆ పండ్లు కొనకండి. ఏ పండైనా నీళ్లతో బాగా కడిగాకే కొయ్యండి.

చేసే పద్ధతి

మొదటిది పూర్ణం. అరటిపండు మెత్తగా మెదపండి. అందులో వేరుశనగ పొడి, కొబ్బరి, 2 చెంచాల బెల్లం, యాలకుల పొడి వెయ్యండి. బొబ్బట్టు పూర్ణంలాగా ముద్దగా రావాలి. జారుగా ఉంటే ఇంకో చెంచా వేరుశనగ పొడి వెయ్యండి. జారుడు పూర్ణమైతే పెనం మీద బయటికి కారి మాడుతుంది.

రెండోది పండ్ల పాకం. మిగిలిన 2 చెంచాల బెల్లంలో 3 చెంచాల నీళ్లు పోసి కరిగించండి. వడగట్టండి. బెల్లంలో ఇసుక ఉంటుంది కదా! వడగట్టింది మళ్లీ పొయ్యి మీద పెట్టి రెండు పొంగులు రానివ్వండి. దించి పండ్ల ముక్కలు వెయ్యండి. చల్లారాక నిమ్మరసం పిండండి. నిమ్మరసం పాలల్లో మాత్రం పడనివ్వకండి. విరిగిపోతాయి.

మూడోది గుడ్లు. ఒక్కొక్క గుడ్డూ చిన్న గిన్నెలో కొట్టి, వాసన చూసి, తర్వాత పెద్ద గిన్నెలో పొయ్యండి. ఒక్కటి మురిగినా మిగతావి దక్కుతాయి. అందులో పాలు, చిటికెడు ఉప్పు వేసి బాగా గిలకొట్టండి. పచ్చిగుడ్డు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి.

నాలుగోది కూరడం. ఒక బ్రెడ్డు ముక్క మీద పూర్ణం పరవండి. అంచుల దగ్గర వేలెడంత వదలండి. పైన ఇంకో ముక్క పెట్టి అంచులు నొక్కండి. ఇలా 4 జతలు వస్తాయి.

అయిదోది ముంచడం. జతను గుడ్ల పాలల్లో ఒక పక్క ముంచి, రెండో పక్క తిప్పి, వెంటనే తీయండి. తాజా బ్రెడ్డయితే ఊరికే నానిపోయి విరుగుతుంది. ఒకరోజు నిలవున్న బ్రెడ్డు పాలు తాగినా నిలబడుతుంది.

ఆరోది కాల్చడం. పెనం మీద కొంచెం నెయ్యి రాయండి. మంట తగ్గించండి. జత వేసి మూత పెట్టండి. ఒక్కో పక్క 3, 4 నిమిషాలు పడుతుంది. మంట పెద్దది చేస్తే పైన నల్లబడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. పచ్చిగుడ్డులో సూక్ష్మక్రిములు ఉండొచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. గరిటెతో నొక్కి చూడండి. అంచుల నుంచి పచ్చి సొన రాకూడదు. 

వేడివేడిగా పళ్లెంలో పెట్టి, పైన పండ్ల పాకం వెయ్యండి.

గుడ్డు తినని ఇళ్లలో గుడ్లకు బదులు 4 చెంచాల శనగపిండి పాలల్లో ఉండలు లేకుండా కలపండి. రంగు కొంచెం మారుతుంది. రుచి బాగానే ఉంటుంది.

ఎవరికి మంచిది, ఎవరికి కాదు

ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అవి పిల్లల ఎదుగుదలకు కావాలి. అందుకే అంగన్‌వాడీలోనూ, బడి భోజనంలోనూ గుడ్డు పెడుతున్నారు. వేరుశనగలోనూ మాంసకృత్తులున్నాయి. జామలో, నిమ్మలో ఉండే విటమిన్ సి తిండిలోని ఇనుమును ఒంటికి పట్టేట్టు చేస్తుంది. టీ మాత్రం అడ్డుపడుతుంది. పలారం తిన్న వెంటనే టీ తాగకండి. గంటసేపు ఆగండి.

షుగరు జబ్బు ఉన్న వాళ్లకు ఈ పలారం సరిపడదు. మైదా బ్రెడ్డూ, బెల్లమూ, అరటిపండూ మూడూ కలిస్తే రక్తంలో చక్కెర పెరుగుతుంది. వాళ్లకు పూర్ణం లేకుండా, బెల్లం లేకుండా గుడ్డుతో కాల్చిన ఒక్క ముక్క చాలు. వేరుశనగ పడని పిల్లలకు కొబ్బరి మాత్రమే పెట్టండి.

ఇంకో మాట. బ్రెడ్డు వచ్చిందని జొన్నరొట్టెను, సద్దన్నాన్ని చిన్నచూపు చూడకండి. మైదా బ్రెడ్డులో కంటే జొన్నలో పీచు ఎక్కువ. ఈ పలారం నెలలో ఎప్పుడో ఒకరోజుకు. జొన్నరొట్టె రోజూ తినేదానికి.

పంపకం లెక్క

ఇప్పుడు అసలు సంగతి. 4 జతలు కాల్చారు. ఇంట్లో నలుగురున్నారు. తండ్రి, ఇద్దరు పిల్లలు, తల్లి. తలా ఒకటి వస్తుంది. లెక్క తేలికే కదా!

కానీ చాలా ఇళ్లలో ఈ లెక్క తప్పుతుంది. కొడుకు ఇంకోటి అడుగుతాడు. తల్లి తన ముక్క తీసి పెడుతుంది. ఆమెకు మిగిలేది పెనం మీద మాడిన అంచు, గిన్నె అడుగున పాకం. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ప్రేమగానే జరిగింది. ఏడాదంతా అలాగే జరుగుతుంది. ఆ తల్లికి నడిస్తే ఆయాసం వస్తుంది. కళ్లు తిరుగుతాయి. 2019–21లో దేశమంతటా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ప్రతి 100 మందిలో 57 మందికి రక్తం తక్కువని తేలింది. సగం కంటే ఎక్కువ మంది! ఒక్క టోస్టుతో రక్తం పట్టదు. కానీ ఆడవాళ్లు తమ వాటా తాము తినడం మొదలుపెట్టకపోతే ఏ మందూ పూర్తిగా పనిచెయ్యదు.

అందుకని నలుగురికీ పళ్లేలు ఒకేసారి పెట్టండి. నాలుగో పళ్లెం కూడా అప్పుడే పెట్టండి. అందరితో కలిసి కూర్చోండి. కూతురికీ, కొడుక్కీ సమానంగా వడ్డించండి. పిల్లవాడు ఇంకోటి అడిగితే, “నాయనా, ఇది అమ్మ వాటా” అని నవ్వుతూ చెప్పండి. వాడు నేర్చుకుంటాడు. రేపు వాడి ఇంట్లో నాలుగో పళ్లెం వాడే పెడతాడు.

ప్యాకెట్టు మీద తేదీ చదవడం చదువే. పళ్లెంలో తన వాటా లెక్కపెట్టుకోవడం కూడా చదువే.

చదవండి – చెప్పండి – రాయండి

1. నిలవ బ్రెడ్డుకూ, పాడైన బ్రెడ్డుకూ తేడా ఏమిటి?
2. బ్రెడ్డు 6వ తేదీన తయారైంది. 4 రోజుల్లోపు తినాలని రాసి ఉంది. 12వ తేదీన కొనవచ్చా?
3. ఇంట్లో ఆరుగురున్నారు. తలా ఒక జత రావాలంటే బ్రెడ్డు ముక్కలు ఎన్ని కావాలి?
4. మీ ఊరి ధరల ప్రకారం బ్రెడ్డు, గుడ్లు, పాలు, పండ్ల ఖర్చు రాసి కూడండి. ఒకరికి ఎంత పడింది?
5. నిన్న మీ ఇంట్లో ఎవరు ముందు తిన్నారు? ఎవరు చివర తిన్నారు? మీ పక్కనున్న అక్కతో మాట్లాడండి.