మాస్క్ ఉంది కదా అని మ్యాన్‌హోల్‌లోకి దిగొద్దు

మ్యాన్‌హోల్‌లోకో, సెప్టిక్ ట్యాంకులోకో దిగే మనిషికి ఏ మాస్క్ కావాలి? ఈరోజు ఈ ఒక్క విషయమే మాట్లాడుకుందాం.

ఎన్95 దుమ్మును ఆపుతుంది, గ్యాస్‌ను ఆపదు. మరి గ్యాస్ ఫిల్టర్ ఉన్న మాస్క్ అయితే? అది ఉన్న గాలిని వడగడుతుంది అంతే, ఆక్సిజన్ ఇవ్వదు. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. లోపల 19.5 కంటే తగ్గితే ఏ ఫిల్టరూ కాపాడదు.

ఇంకోటి. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. కానీ గ్యాస్ బాగా ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన రావట్లేదంటే గ్యాస్ లేదని కాదు!

అందుకే ముందు మీటర్‌తో గాలి చెక్ చేయాలి. దిగక తప్పదంటే, బయటి నుంచి పైపులో గాలి అందే సెట్టో, వీపున గాలి సిలిండరో ఉండాలి. గడ్డం ఉంటే మాస్క్ ముఖానికి సరిగ్గా అతుక్కోదు, సందులోంచి గ్యాస్ దూరుతుంది. సిలిండర్ విజిల్ మోగిందా? గాలి అయిపోవస్తోంది. పని అక్కడే వదిలేసి పైకి వచ్చేయాలి.

లోపల అన్న పడిపోయాడని తమ్ముడు దూకితే ఇద్దరూ పోతారు. దూకొద్దు. దిగేముందే ఒంటికి బెల్టు, తాడు కట్టి ఉంటే పైనుంచే లాగొచ్చు. వెంటనే 112కి ఫోన్ చేయండి.

రక్షణ లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ‘నేను దిగను సార్’ అనడం తప్పు కాదు తమ్ముడూ.