అడవిలో చక్రాల యిల్లు

పూర్వం మన పల్లెలలో తిరునాళ్ళకు బయలుదేరే కుటుంబాలు గూడుబండి కట్టించుకొనేవి. బండిలో వరిగడ్డి పరచి, దానిపై జంపఖానా వేసి, అటుకులూ బెల్లమూ మూటగట్టి, పిల్లలను ఎక్కించుకొని ప్రయాణమయ్యేవారు. చీకటిపడితే ఏ మామిడితోపులోనో ఎద్దులను విప్పి, ఆ గూటిలోనే నిద్రించేవారు. ఇంటిని వెంటబెట్టుకొని పోయి చెట్లనీడను ఒక రాత్రి గడపవలెననే కోరిక మన ఒక్కరిదే కాదు. పాశ్చాత్యదేశాలలో ఆ కోరిక ధరించిన ఒక రూపాన్ని గురించి, అటువంటి పాతబండి నొకదానిని తిరిగి నిలబెట్టిన మా అన్నగారి అనుభవాన్ని గురించి ఈనాడు ముచ్చటిస్తాము.

ఇంగ్లండులో 1885వ సంవత్సరంలో గార్డన్ స్టేబుల్స్ అనే విశ్రాంత నౌకాదళ వైద్యుడు, కేవలం విహారం కోసమే గుర్రాలు లాగే ఒక చక్రాల యింటిని చేయించుకొని, దానికి ‘వాండరర్’, అనగా సంచారి, అని పేరుపెట్టి స్కాట్లండు దాకా ప్రయాణించినాడు. మోటారుకార్లు వచ్చిన తరువాత ఈ సరదా అమెరికాలో బాగా వ్యాపించినది. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటిన విమానపు నిర్మాణంలో పాల్గొన్న హాలీ బౌలస్, 1934లో విమానదేహాన్ని పోలిన అల్యూమినియం ట్రెయిలరును తయారుచేసినాడు. 1936లో వాలీ బయమ్ ‘ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్’ను విడుదల చేసినాడు. దాని వెల ఆ రోజులలో 1,200 డాలర్లు. అది సామాన్యులకు అందే ధర కాదు.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన పిమ్మట చిన్నకుటుంబాలు కొనుక్కోగల ట్రెయిలర్లు అనేక కర్మాగారాలలో తయారైనవి. 13 నుండి 16 అడుగుల పొడవు. పక్కనుంచి చూస్తే కోడిగ్రుడ్డును అడ్డంగా పెట్టినట్లుండే ఆకారం. అడుగున ఇనుపచట్రం, ఇరుసు, రెండు చక్రాలు. పైన సన్నని కొయ్యబద్దలతో కట్టిన పంజరం. ఆ పంజరానికి బయట పలుచని అల్యూమినియం రేకు, లోపల బర్చి చెక్క ప్లైవుడ్డు. ఒక మూల పొయ్యి, మంచుగడ్డపెట్టె. మరొక మూల మడిచి మంచముగా మార్చుకొనే బల్ల. బయట మెరిసే రేకును చూచి ఇది లోహపు ఇల్లని అనుకొంటాము. నిజానికి రేకు తొడిగిన కొయ్యయిల్లు అది. ఆ భేదం తెలియక మా అన్నగారు మొదట కొంత నష్టపోయినారు.

అన్నగారు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో మోటారు పరిశ్రమలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నారు. ఆ రాష్ట్రపు ఉత్తరభాగాన, మేపుల్, పైన్ చెట్ల నడుమ, వారికి కొద్దిపాటి స్థలమున్నది. అక్కడ ఇల్లు కట్టుట తలకుమించిన ఖర్చు. అందుచేత 1960 ప్రాంతపు ట్రెయిలరు నొకదానిని ఒక రైతు కొట్టంవెనుక చూచి, చౌకగా కొన్నారు. అందులో మనుమలిద్దరితో వేసవి గడపవలెనని ఆయన ఉద్దేశం. మేము సెలవుపై అక్కడికి వెళ్ళేసరికి, పిల్లలు ఆ బండికి పేరుకూడా పెట్టుకొని, ఏ మంచం ఎవరిదో పంచుకొని ఉన్నారు.

అన్నగారి ప్రణాళిక మూడువారాలది. లోపల రంగువేయుట, నేలపై కొత్త లినోలియం పరచుట, కిటికీలకు తెరలు కట్టుట. పొరుగున ఉన్న వృద్ధ వడ్రంగి ఒకాయన ఆ సంగతి విని, జేబులోనుంచి సన్నని దబ్బనం వంటి పనిముట్టు తీసి, కిటికీక్రింద నల్లగా మరకపడిన చోట నొక్కినాడు. అది పిడిదాకా దిగిపోయినది. తలుపుదగ్గర నేలలో నొక్కినాడు; అక్కడా దిగినది. “రంగు వేస్తే అందంగానే ఉంటుంది. ఒకటి రెండు చలికాలాలు గడిస్తే గోడ కూలుతుంది” అని చెప్పి, ఆ పనిముట్టును అన్నగారి చేతిలో పెట్టి వెళ్ళిపోయినాడు.

ఆ రాత్రి అన్నగారు భోజనం సరిగా చేయలేదు. పిల్లలకిచ్చిన మాట ఒకవైపు, దిగిపోయిన దబ్బనం మరొకవైపు. తెల్లవారిన తరువాత మనుమలను పిలిచి, “ఈ ఏడు మనం గుడారంలో పడుకొంటాము. బండిని విప్పి చూడవలె” అన్నారు. చిన్నవాడు ఏడ్చినాడు. పెద్దది మాత్రం, “విప్పితే మళ్ళీ కట్టగలవా తాతయ్యా?” అని అడిగినది. ఆ ప్రశ్నకు ఆయనవద్ద కూడా అప్పటికి సమాధానం లేదు.

విప్పుటకు ఒక క్రమమున్నది. మన పెంకుటింట పైవరుస పెంకు క్రిందివరుస మీదికి ఎక్కి ఉంటుంది గదా! నీరు దిగువకు జారిపోవుటకే ఆ ఏర్పాటు. ట్రెయిలరుకు కూడా కప్పురేకు పక్కరేకుల అంచులమీదికి మడిచి, ఆ మడతపై సన్నని పట్టీని మరలతో బిగిస్తారు. కనుక ముందు పట్టీ, పిమ్మట కప్పు, ఆ తరువాత పక్కలు విప్పవలెను. అన్నగారు ప్రతిరేకుకూ, ప్రతిబద్దకూ సంఖ్య వేసినారు. విప్పుటకు ముందు ప్రతిమూలనూ ఛాయాచిత్రం తీసినారు. పుచ్చిన బద్దలను సయితం పారవేయక, వాటి ఆకారాన్నే కొత్తకొయ్యపై గీసి కోసినారు. ఆ వంపులకు వేరే కొలత ఎక్కడా దొరకదు. దిగువబద్దలు కొన్ని చేతిలోనే పొడియైపోయినవి.

అంత నాశనానికి కారణం పెద్దగాలివాన కాదు. కిటికీచట్రాల వెనుక వేసిన పాతలప్పం కాలక్రమాన సుద్దవలె ఎండి, వెంట్రుకవాసి సందులు ఏర్పడినవి. ఏండ్ల తరబడి ఆ సందులగుండా చుక్కచుక్కగా దిగిన నీరు, రేకుకూ ప్లైవుడ్డుకూ మధ్య ఆరే దారిలేక కొయ్యను తినివేసినది. ఈసారి బ్యూటైల్ రబ్బరుపట్టీని వాడినారు. అది ఏండ్లు గడిచినా మెత్తగా ఉంటుంది. కారేచోట సిలికాను పూసి ఊరుకొనుట చాలమంది చేసే పొరపాటు. ఒకసారి సిలికాను అంటిన రేకుపై తరువాత మరే లప్పమూ సరిగా పట్టదు.

పాతబండిలో కంటికి కనబడని అపాయాలు మరికొన్ని ఉంటవి. గోడలమధ్య ఎలుకలు గూళ్ళు పెట్టినవి. అక్కడి అడవియెలుకల మలమూత్రాలవల్ల హాంటావైరస్ అనే ప్రాణాంతక వ్యాధి సోకవచ్చునని 1993లో అమెరికా నైరుతి రాష్ట్రాలలో వెల్లడియైనది. ఎండిన పెంటను చీపురుతో ఊడిస్తే ధూళిగా లేచి ఊపిరితిత్తులలో చేరుతుంది. అందుచేత చేతితొడుగులు, ముఖకవచం ధరించి, బ్లీచింగు ద్రావణంతో తడిపి, నానిన తరువాతనే తుడిచి తీసినారు. పాతరంగులలో సీసముండే అవకాశమున్నది. ఇండ్లకు వేసే సీసపురంగులను ఆ దేశంలో 1978లో నిషేధించినారు. పరీక్షించకుండా ఉప్పుకాగితం పట్టరాదు.

అన్నింటిలో అన్నగారికి కష్టమనిపించినది పాతగ్యాసు కుంపటిని వదులుకొనుట. ఎనామిల్ పూతతో, గుండ్రని అంచులతో అది ముచ్చటైన వస్తువు. వెలిగించి చూస్తే చక్కగా వెలిగినది. కాని దాని పొగగొట్టాన్ని విప్పి ఎండకు ఎదురుగా పట్టినప్పుడు, తుప్పురంధ్రాలగుండా వెలుతురు నక్షత్రాలవలె కనిపించినది. మూసిన గదిలో అటువంటి కుంపటి మండితే కార్బన్ మోనాక్సైడు చేరుతుంది. దానికి రంగులేదు, వాసనలేదు. నిద్రించేవారు మేలుకొనకుండానే ప్రాణాలు పోవచ్చును. మొదటి ప్రణాళిక ప్రకారం రంగువేసి ఊరుకొని ఉంటే, ఆ కుంపటిప్రక్కనే పిల్లలు పడుకొనేవారు. ఆ గొట్టాన్ని చేతబట్టుకొని అన్నగారు చాలసేపు మాటలాడలేదు.

కుంపటిని తీసివేసి, మండుటకు కావలసిన గాలిని బయటనుండియే తీసుకొని, పొగను బయటికే విడిచే నూతన యంత్రాన్ని అమర్చినారు. పడకదగ్గర విషవాయువును పసికట్టి మ్రోగే పరికరాన్ని పెట్టినారు. గ్యాసుగొట్టపు కీళ్ళన్నింటికీ సబ్బునీరు పూసి, బుడగలు రాకుండుట చూచుకొన్నారు. విద్యుత్తు తీగలన్నీ మార్చినారు. పాతటైర్లు పైకి బాగానే కనిపించినా, వాటి వయస్సును గుర్తించి కొత్తవి వేసి, ఇరుసు బేరింగులకు గ్రీజు పట్టించిన పిమ్మటనే బండిని రోడ్డెక్కించినారు.

అడవిలో నిలుపుటకు చోటును ఎంచుకొనుట కూడా ఒక విద్యయే. ఎండుకొమ్మలున్న చెట్టుక్రింద నిలుపరాదు. నీరు చేరే పల్లంలో నిలుపరాదు. కంకర పరచి, చట్రాన్ని దిమ్మలపై సమంగా నిలిపి, అడుగున గాలి ఆడనివ్వవలెను. రాలిన ఆకులను కప్పుపై కుళ్ళనీయరాదు. చలికాలంలో మంచుబరువును దింపుతూ ఉండవలెను. మన స్థలమే అయినా, అందులో ట్రెయిలరు నివాసానికి, మురుగునీటికి స్థానికప్రభుత్వపు నిబంధనలుంటవి. అన్నగారు ముందుగా ఆ కార్యాలయానికి వెళ్ళి అనుమతి తెచ్చుకొన్నారు.

మూడువారాల పని పదునాలుగు నెలలు పట్టినది. మరుసటి వేసవిలో మేము తిరిగి వెళ్ళినప్పుడు, అన్నగారు రబ్బరుగొట్టంతో కప్పుపై అరగంటసేపు నీరు పోయించి, మనుమలను లోపల దీపాలతో కాపలా పెట్టినారు. గాలిగవాక్షం మూల ఒకచోట చెమ్మ కనబడినది. కనిపెట్టినది చిన్నవాడు. దానిని విప్పి, మళ్ళీ బిగించినారు. వదినగారు తన పాత మంగళగిరి చీరను కత్తిరించి కిటికీలకు తెరలు కుట్టినారు. బాగున్న పాత ప్లైవుడ్డును మరకలతో సహా అట్లే ఉంచినారు. తొలిరాత్రియే నిజమైన వాన వచ్చినది. రేకుపై చినుకుల చప్పుడు వింటూ పిల్లలు నిద్రపోయినారు. అన్నగారు మాత్రం దీపం పట్టుకొని మూలమూలనూ తడిమి చూచి, తెల్లవారుజామున గాని నడుము వాల్చలేదు. గోడలు పొడిగానే ఉన్నవి.

మన శ్రోతలలో పలువురి బిడ్డలు ఆ దేశాలలో ఉన్నారు. వారిలో ఎవరైనా ఇటువంటి పాతబండిని కొనబోతున్నామని చెబితే, రంగుడబ్బాకంటె ముందు దబ్బనం కొనుక్కోమని చెప్పండి. పొగగొట్టాన్ని విప్పి వెలుతురుకు పట్టి చూడుమని చెప్పండి. ఆ తరువాత అడవికి వెళ్ళి హాయిగా నిద్రించవచ్చును.