వాట్సాప్ తరగతిలో మన ఆడపిల్లలు
(ఇచ్ఛాపురంలో తల్లిదండ్రుల సదస్సులో ఉపాధ్యాయుల పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి గాని, సందేహం వస్తే అడిగే వీలు లేదు. అప్పుడు అందరికీ తెలిసిన సాధనం వాట్సాప్ ఒక్కటే. లెక్కను కాగితం మీద చేసి ఫొటో తీసి పంపడం, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో దీక్ష యాప్‌లోని పాఠం తెరిపించడం అలా ఒకరిని చూసి ఒకరం నేర్చుకున్నాం.

అన్నిటికన్నా అక్కరకు వచ్చింది వాయిస్ మెసేజ్. మనది సరిహద్దు పట్టణం. వీధిలో తెలుగు, ఒడియా కలిసే వినిపిస్తాయి. మన ఇళ్లలో ఉర్దూ. తెలుగు చదవలేని తల్లికి రాసి పంపిన కబురు చేరదు. అదే కబురును తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి చెప్పి పంపితే, ఆమె రాత్రి పని ముగిశాక వింటుంది; తన మాట కూడా చెబుతుంది. పలాస జీడిపప్పు కర్మాగారాలలో పనిచేసే తల్లి పగటిపూట బడికి ఎలా రాగలదు?

అయితే గ్రూపులో చేరడమంటే నంబరు అందరికీ కనబడటం. ఆడపిల్లను చేర్చవద్దని తండ్రులు అంటే అది వెనుకబాటుతనమని కొందరు తేలికగా అనేస్తారు. మేము అలా అనలేము. 2021 జులైలో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ పేర్లతో ముస్లిం స్త్రీల ఫొటోలను వారికి తెలియకుండా తీసుకొని వేలానికి పెట్టినట్లు ప్రదర్శించారు. 2020 ఏప్రిల్‌లో తబ్లీగీ జమాత్ పేరుతో పుకార్లు ఫోన్లను ముంచెత్తాయి. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ జమాత్ సభ్యులపై కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా ఎంచుకున్నట్లు కనిపిస్తున్నదన్నది. పుకారు తిరిగినంత వేగంగా ఆ తీర్పు తిరగలేదు.

కనుక జాగ్రత్త పద్ధతిలో ఉండాలి. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో పంపితే ఒకరి నంబరు మరొకరికి కనబడదు. ఉపాధ్యాయుని నంబరును ఇంట్లో సేవ్ చేసుకుంటే చాలు. పిల్ల ముఖం కాదు, ఆమె రాసిన జవాబును ఫొటో తీయాలి. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమే చెబుతున్నది. తరగతి గ్రూపులో ఏ మతాన్ని కించపరిచే సందేశం వచ్చినా అడ్మిన్ తొలగించి ఊరుకోరాదు. అది ఎందుకు తప్పో అక్కడే చెప్పాలి.

ఇక తండ్రులతో ఒక మాట. ఇంట్లో ఒకే ఫోను ఉంటే అది అన్న జేబులో ఉంటుంది. 6-14 ఏళ్ల ముస్లిం పిల్లలలో నాలుగో వంతు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని 2006లో సచార్ కమిటీ తేల్చింది. ఫోను అందని కారణంగా ఆ లెక్కలోకి మన పిల్ల ఎందుకు చేరాలి? కేరళలో ఫహీమా షిరీన్ అనే విద్యార్థిని, సాయంత్రం ఫోను అప్పగించాలన్న హాస్టల్ నిబంధనను ఒప్పుకోక బయటికి పంపబడింది. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమన్నది.

విద్యాశాఖను మేము అడుగుతున్నది రెండే: బడి పేరున ఒక ఫోను, ఒక నంబరు ఇవ్వండి, ఉపాధ్యాయినులు సొంత నంబర్లు పంచవలసిన అవసరం తప్పుతుంది. ఫోను లేని ఇంటికి అదే పాఠం అచ్చు కాగితంగా చేరాలి.

మిమ్మల్ని అడుగుతున్నది సాయంత్రం ఒక గంట, ఆడపిల్ల చేతికి ఫోను. సభ ముగిశాక బయట బల్ల దగ్గర ఉంటాం. తండ్రుల నంబర్లు మా దగ్గర ఉన్నాయి. తల్లుల నంబర్లు రాయించి వెళ్లండి.