శివారు వారం

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

కాలేజీ పిల్లల చేతిఖర్చు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మనలో చాలామంది పిల్లలు ఇప్పుడు హాస్టళ్లలో ఉన్నారు. రేపల్లెలో బండెక్కి, తెనాలిలో మారి బాపట్ల వెళ్లి చదివేవాళ్లున్నారు. గుంటూరు, విజయవాడ, హైదరాబాదుల్లో ఉన్నవాళ్లున్నారు. నెల చివర్లో అందరి ఇళ్లలోనూ ఒకటే సంభాషణ. "డబ్బులు అయిపోయాయి నాన్నా." "దేనికి ఖర్చు పెట్టావురా?" ఆ ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబు ఉండదు. దాచడం కాదు, నిజంగానే తెలియదు.

మన రోజుల్లో మనియార్డరు వచ్చేది. జేబు తడుముకుంటే ఎంత మిగిలిందో తెలిసేది. ఆఖరి నోటు మార్చాలంటే చెయ్యి వెనకాడేది. 2016లో యూపీఐ వచ్చాక టీకొట్టు దగ్గర కూడా స్కాన్ చేసి వెళ్లిపోతున్నాం. అది మంచి సౌకర్యమే, దాన్ని తిట్టి లాభం లేదు. ఖర్చయిన ప్రతి రూపాయీ అందులో రాసే ఉంటుంది. లేనిదల్లా ఖర్చుకు ముందు వేసుకునే లెక్క.

మనం కాలువల ఊళ్ల వాళ్లం. 1855 నాటి ఆనకట్ట అయినా, 1957 నాటి ప్రకాశం బ్యారేజీ అయినా మనకు నేర్పింది ఒకటే. ఎగువన తూములు ఇష్టమొచ్చినట్టు ఎత్తితే శివారు చేలు ఎండుతాయి. నిజాంపట్నం వైపు రైతును అడగండి, చెబుతాడు. అందుకే నీళ్లు తక్కువైన ఏడు వంతులు పెడతారు. ఒకటో తారీఖున ఖాతాలో పడే డబ్బుకూ శివారు ఉంది. అది నాలుగో వారం.

కాబట్టి డబ్బుకూ వంతులు పెడదాం. హాస్టలు, మెస్సు పోగా చేతిఖర్చుకు 6,000 రూపాయలు ఇస్తున్నామనుకోండి. ఫోను రీఛార్జికి, ఇంటికి వచ్చిపోయే ఛార్జీలకు 800 పక్కన పెట్టాలి. మిగిలిన 5,200లో వారానికి 1,200 చొప్పున నాలుగు వంతులు. చివర 400 మిగులుతుంది. అది నెలాఖరు రెండు మూడు రోజులకు, అనుకోని జ్వరానికి. ఇప్పుడు రోజుకు 40 రూపాయల కూల్‌డ్రింకు అలవాటు లెక్క చూడండి. నెలకు 1,200. అంటే ఒక వారం వంతు మొత్తం అందులోనే పోతోంది. ఈ లెక్క మనం చెబితే సుద్దులంటారు. వాళ్ల చేత వేయిస్తే వాళ్లకే తెలుస్తుంది.

ఫోనులోనే దీనికి వీలుంది. యూపీఐ లైట్ అని చిన్న చెల్లింపుల సంచీ ఒకటుంది. సోమవారం ఆ వారం వంతు అందులో వేసుకుని, తనంతట తానే నిండే ఏర్పాటు ఆపేసి, రోజువారీ ఖర్చు దాంట్లోంచే పెట్టమనండి. సంచీ ఖాళీ అయితే పిల్లలకు వెంటనే తెలుస్తుంది.

ఇంత చిన్న లెక్కకు ఇంత ఉపన్యాసం ఎందుకంటే, నాలుగో వారం ఎండిపోయినప్పుడు గట్టుకు గండి పడుతుంది. ఆ గండి పేరు అప్పుల యాప్. 5,000 అప్పని చెప్పి, ఖర్చుల కింద 1,500 పట్టుకుని, 3,500 చేతిలో పెట్టి, వారంలో 5,000 కట్టమనే తరహా అప్పు తీసుకోండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే మనం ఆలోచిస్తాం. అదీ నెలకు. ఇక్కడ నూటికి దాదాపు 43 రూపాయలు, అదీ వారానికి! కట్టకపోతే ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ పరువు తీసే సందేశాలు పంపుతారు. ఆ వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవారు ఉన్నారు. 2020 డిసెంబరులో తెలంగాణ పోలీసులు ఈ కేసుల్లో అరెస్టులు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధనలు ఇచ్చింది. అప్పిచ్చే యాప్ మన ఫోనులోని నంబర్లు, ఫొటోలు చూడకూడదు. మొత్తం భారం ఏడాదికి ఎంత శాతమో ముందే చెప్పాలి. ఎవరైనా మోసపోతే 1930కి ఫోను చెయ్యాలి. ఈ నంబరు పిల్లలకు తప్పక చెప్పండి.

నిబంధనలు ఎన్ని ఉన్నా అసలు కాపలా ఇంట్లోనే. ఇంట్లో అడగడానికి భయపడ్డ పిల్లవాడే యాప్‌ను అడుగుతాడు. కాబట్టి "అయిపోయాయి" అన్న రోజున ముందు అవసరం గడిచే ఏర్పాటు చూడండి. లెక్క మర్నాడు కూర్చుని చూడండి. ప్రతి రూపాయికీ సంజాయిషీ అడగొద్దు. వారం వంతులో సినిమాకూ చోటుండాలి. లేకపోతే అబద్ధం నేర్చుకుంటారు.

మన సంఘానికి రెండు విన్నపాలు. మనమిచ్చే ఉపకార వేతనం ఒకేసారి కాకుండా నెలనెలా ఇద్దాం. కౌలు రైతు ఇంట్లో ఒకేసారి పడ్డ డబ్బుకు వంద అవసరాలు ఎదురుచూస్తుంటాయి, అది వాళ్ల తప్పు కాదు. రెండోది, ఉపాధ్యాయులకు. పదో తరగతి పిల్లలు బడి వదిలే ముందు నేను చెప్పిన ఆ 43 రూపాయల లెక్కను నల్లబల్ల మీద ఒక్కసారి వాళ్ల చేత చేయించండి. బారువడ్డీ, చక్రవడ్డీ మీ దగ్గర నేర్చుకునే మేం బతికాం. వాళ్లకూ అదే కావాలి.