వ్యాయామము చేయువారు నీరెంత త్రాగవలెను?

(మఠంపల్లిలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ సభయందు నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, తెలుగు పండితుడనగుటచే నేనే కావ్యమును గూర్చియో, యే నీతిని గూర్చియో మాటలాడుదునని వారు తలచి యుందురు. కాని నేడు నేను మంచినీళ్ళను గూర్చి మాటలాడదలచితిని. కృష్ణాతీరమున, మట్టపల్లి నరసింహస్వామి సన్నిధికి దగ్గరగా నున్న యీ ప్రాంతమున నీటిని గూర్చి చెప్పుట యేటి యొడ్డున నిలిచి నీళ్ళమ్ముట వంటిదని మీరు నవ్వవచ్చును. నవ్విన పిదప నించుక వినుడని ప్రార్థన.

మన పిల్లలిప్పుడు వేకువ జామున రోడ్ల వెంట పరుగులు తీయుచున్నారు. పోలీసు కొలువులకై దేహదార్ఢ్య పరీక్షలున్నవి గదా! 2022వ సంవత్సరపు నియామకములలో పురుషులకు 1600 మీటర్లు, స్త్రీలకు 800 మీటర్లు పరుగు పెట్టిరి. ఆడపిల్లలు సైతము తండ్రులను వెంటబెట్టుకొని చీకటితో మైదానమునకు వచ్చుచున్నారు. చూడ కన్నుల పండువగా నున్నది. ఈ పిల్లలు ఏమి తినవలెనో చెప్పువారు వీథికి పదిమంది కలరు. ఎంత నీరు త్రాగవలెనో చెప్పువారు మాత్రము, ఒకరు అసలు వలదందురు, ఒకరు కడివెడు త్రాగుమందురు. ఈ రెండు మాటలవలనను గలిగిన యనర్థములను నేను కన్నులార చూచితిని. అందు మొదటిది నేను చేసినదే. కావున ముందు నా తప్పును సభాముఖమున నొప్పుకొందును.

నేను ఉద్యోగమున ప్రవేశించిన తొలి యేండ్లలో, పంద్రాగస్టు కవాతునకు పిల్లలను సిద్ధపరచు భారము నాపై బడెను. వ్యాయామ సమయమున నీరు త్రాగిన కడుపులో పోటు వచ్చుననియు, త్రాగకుండుటయే దార్ఢ్యమనియు మా గురువులు మాకు చెప్పిరి. నేను నా శిష్యులకు చెప్పితిని. వానలు వెనుదీసి యుక్క పోయుచున్న దినములవి. రెండు గంటలసేపు నడిపించితిని. ఒక పిల్లవాడు రెండు మారులు నీళ్ళకై చేయెత్తెను. రెండు మారులును గద్దించి నిలిపితిని. మూడవమారు వాడు చేయెత్తలేదు, నేల గూలెను. ప్రక్కచేలో కలుపు తీయుచున్న యొక దళిత స్త్రీ పరుగున వచ్చి, తన కుండలోని నీటితో వాని మొగమును, మెడను తడిపి, తెలివి వచ్చిన పిదప గ్రుక్క గ్రుక్కగా త్రాగించినది. వాడు లేచి కూర్చున్న వెనుక నామె నా వైపు తిరిగి, "పోరగానికి గుక్కెడు నీళ్లు గూడ తాగనియ్యవా సారూ?" అని యడిగినది. అమరకోశము కంఠస్థముగా నున్న నాకు ఆ ప్రశ్నకు సమాధానము దొరకలేదు. నేటికిని లేదు.

ఈ మూఢత్వము మనకే చెందినది కాదు. 1904వ సంవత్సరమున అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున జరిగిన ఒలింపిక్ మారథాను పరుగులో, ఎండయు దుమ్మును మిక్కుటముగా నున్నను, దారిలో నీరు దొరకు తావులు మిక్కిలి స్వల్పముగా నుంచిరి. 32 మంది బయలుదేరగా 14 మంది మాత్రమే గమ్యము చేరిరి. నీరు మానుట పౌరుషమను భ్రాంతి ఆ దేశములలో సైతము పెక్కు దశాబ్దములు నిలిచెను. 1997వ సంవత్సరపు చివరి నెలలలో, బరువు తగ్గించుకొనుటకై నీరు మాని, చెమట కార్చి, ముగ్గురు అమెరికా కళాశాల మల్లులు కొలది వారముల వ్యవధిలో ప్రాణములు కోల్పోయిరి.

ఇక రెండవ యనర్థము. మా బంధువర్గములోని యొక యువకుడు పరుగు సాధన చేయుచు, దినమునకు ఐదు లీటర్లు త్రాగనిదే దేహము గట్టిపడదని యెవరో చెప్పగా నమ్మెను. ఒకనాటి యుదయము పరుగు ముగించి, గంట తిరుగక మునుపే మూడు లీటర్లకు పైగా త్రాగెను. తల పగులునట్లు నొప్పి, వాంతులు, పొంతన లేని మాటలు! ఎండదెబ్బ యని తలచి ఇంటివారు ఇంకను నీరు త్రాగింపబోయిరి. దైవవశమున నొకరు వలదని వారించి ఆసుపత్రికి చేర్చిరి. రక్తములోని లవణ ధాతువగు సోడియము మిక్కిలి తగ్గినదని వైద్యుడు చెప్పి చికిత్స చేసెను. పిల్లవాడు బ్రతికెను.

సభ్యులారా! నీటికి సంస్కృతమున 'జీవనము' అని పేరు, 'అమృతము' అని పేరు. 'విషము' అను శబ్దమునకు సైతము జలమను నర్థము కలదు. చదువుకొను నాడు ఇది కోశకారుని చమత్కారమనుకొంటిని. ఆ పిల్లవాని మంచము కడ కూర్చున్న రాత్రి దాని తాత్పర్యము నాకు బోధపడినది. మన మూత్రపిండములు గంటకు సుమారు లీటరుకు మించి నీటిని వెలికి పంపజాలవు. అంతకు మించి త్రాగిన నీరు రక్తములో నిలిచి, లవణమును పలుచన చేయును, మెదడు వాచును. 2002వ సంవత్సరపు బోస్టను మారథానులో 488 మంది రక్తమును పరీక్షింపగా, నూటికి 13 మందికి సోడియము తగ్గి యుండెనని 2005లో ప్రకటించిరి. పరుగు కాలములో బరువు పెరిగినవారికే, అనగా చెమట కార్చినదానికంటె ఎక్కువ త్రాగినవారికే, ఈ యాపద హెచ్చుగా గలిగెను.

అట్లయిన నెంత త్రాగవలెను? అందరికి నొక్క లెక్క లేదు. దేహమును, ఎండను, పనిని బట్టి చెమట మారును. కాని యెవరి లెక్క వారు తెలిసికొనుటకు సులభమైన యుపాయమొకటి కలదు. మన యూళ్ళలో ధాన్యము తూచు కాటాలున్నవి. పరుగునకు ముందు, మూత్ర విసర్జన చేసి, పలుచని దుస్తులతో కాటా యెక్కుడు. పరుగు ముగిసిన పిదప చెమట తుడుచుకొని మరల నెక్కుడు. 62 కిలోలున్నవాడు 61 కిలోలకు దిగి, నడుమ అరలీటరు త్రాగి యున్నచో, వాని చెమట లీటరున్నర యని యర్థము. అరువది కిలోలవాడు ఒక కిలో రెండు వందల గ్రాములకు మించి, అనగా నూటికి రెండు వంతులకు మించి, తగ్గకుండ చూచుకొనవలెను. పరుగు పిదప బరువు పెరిగినచో వాడు అతిగా త్రాగెనని తెలియవలెను. నాలుగు దినములిట్లు తూచుకొన్నవానికి ఇక నే గురువును అక్కరలేదు.

క్రమము చెప్పెదను. సాధనకు రెండు మూడు గంటల ముందు లేచువారు, అరువది కిలోల దేహమునకు, మూడు నాలుగు వందల మిల్లీలీటర్లు, అనగా రెండు చిన్న గ్లాసులు త్రాగవచ్చును. లేచిన వెంటనే మైదానమునకు పోవువారికి ఒక గ్లాసు చాలును. 1600 మీటర్ల పరుగు ఎనిమిది నిమిషముల లోపలి పని; అందు నడుమ త్రాగనక్కరలేదు, పరుగునకు ముందట కడుపు నింపుకొనుటయు తగదు. సాధన గంటకు మించినను, ఎండ ముదిరినను, పావుగంట కొకమారు నిలిచి, దప్పిని బట్టి నాలుగైదు గ్రుక్కలు త్రాగవలెను. ముగిసిన పిదప, తగ్గిన ప్రతి కిలోకును లీటరుంబావు మొదలు లీటరున్నర వరకు, ఒక్కమారుగా గాక కొన్ని గంటలలో, భోజనముతో గలిపి పుచ్చుకొనవలెను. మూత్రము లేత పసుపుగా నుండుట మేలు. ముదురు రంగైన నీరు చాలలేదని గురుతు.

చెమటతో నీరొక్కటియే గాక ఉప్పును పోవును. లీటరు చెమటలో సుమారొక గ్రాము సోడియముండును. కొందరికి హెచ్చు, కొందరికి తగ్గు. కావున గంటల తరబడి చెమటోడ్చిన పిదప ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, అంబలి పుచ్చుకొనుట వట్టి నీటికంటె మేలు. మన తల్లులు సీసాలలో నమ్మెడి రంగు నీళ్ళెరుగరు. ముంతెడు మజ్జిగలో ఉప్పు వేయనెరుగుదురు. ఉప్పును చక్కెరయు తగుపాళ్ళలో గూడిన నీటి ప్రభావమును 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనాబిస్ లోకమునకు చూపెను. కలరా సోకినవారిని ఆయన ఆ నీటితో బ్రతికించెను. చక్కెర ప్రేగులలో ఉప్పును, ఉప్పుతో నీటిని లోనికి గొనిపోవును. ఆ పొట్లమును ఇంట నుంచుకొనుడు. ఒక పొట్లము దానిపై వ్రాసినంత నీటిలో మాత్రమే కలుపుడు. విరేచనములకును ఎండబడలికకును అది మందు. నిత్యమును త్రాగు పానకము గాదు.

మన ప్రాచీన వైద్యులు వ్యాయామమును అర్ధశక్తితో చేయుమనిరి. నుదుటను, చంకలలోను చెమట పట్టి, నోరెండుట యర్ధశక్తికి గురుతనిరి. అదియు చలికాలమునను వసంతమునను. తక్కిన ఋతువులలో నింకను తగ్గింపుమనిరి. వేసవిలో మిట్టమధ్యాహ్నము పరుగెత్తు మన పిల్లలు ఈ మాట వినవలెను. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిపి వేయిమందికి పైగా చనిపోయిరి. ఎవడైన పరుగులో తడబడి, మాట తప్పి, ఒడలు కాలుచున్నచో, నీడకు చేర్చి, దేహమంతయు నీటితో తడిపి విసరుచు, 108 బండిని పిలువుడు. తెలివి లేనివాని నోట మాత్రము నీరు పోయకుడు.

ఇక మన జిల్లాకు ప్రత్యేకమైన మాట. ఉమ్మడి నల్లగొండ సీమలో బోరు నీటిలోని ఫ్లోరైడు వంకర కాళ్ళను, గారపండ్లను తెచ్చిన సంగతి మీరెరిగినదే. పటికయు సున్నమును వేసి ఆ దోషమును తీయు పద్ధతికి శాస్త్రజ్ఞులు నల్లగొండ పేరే పెట్టిరి. మన బాధవలన మన పేరు ప్రపంచ గ్రంథములకెక్కినది. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాముండ వచ్చుననియు, వేరు దారి లేనప్పుడు ఒకటిన్నరను మించరాదనియు ప్రమాణము. దినమునకు రెండు లీటర్లు త్రాగువాని కంటె ఐదు లీటర్లు త్రాగువాని యొడలిలోనికి ఆ విషము రెండున్నర రెట్లు చేరునని మరువకుడు. కావున సాధన చేయువాడు ఎంత నీరని యడుగుటకు ముందు ఏ నీరని యడుగవలెను. 1967లో సాగరు కాలువ వచ్చి మన పొలములు తడిసినవి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ కుళాయిలతో శుద్ధిచేసిన నదీజలము ఇండ్లకు చేరినది. మైదానము ప్రక్కనున్న బోరు నీరు తియ్యగా నున్నను, పరీక్షింపనిదే త్రాగవలదు. ఫ్లోరైడు రుచికి తెలియదు.

గుండె జబ్బు, మూత్రపిండముల వ్యాధి గలవారు నా లెక్కలను గాక తమ వైద్యుని మాటను పాటింపవలెను. నావలె అరువది దాటినవారికి దప్పి మందగించును. వేకువ నడకకు పోవు పెద్దలు దప్పి యైనను కాకున్నను ముందు వెనుకల నొక్కొక్క గ్లాసు త్రాగుట మంచిది.

తుదకొక మనవి. మన సంఘము సత్రములు కట్టినది, విద్యార్థులకు వేతనములిచ్చినది. ఈ యేడు మైదానము కడ నొక చలివేంద్రము పెట్టుడని పోషకులను వేడుచున్నాను. శుద్ధమైన నీరు, ఒక మజ్జిగ కడవ, ఒక ఉప్పు డబ్బీ, ఒక కాటా, ఇవి చాలును. మన పెద్దలును చలివేంద్రములు పెట్టిరి. కాని కొందరికి గ్లాసుతో నిచ్చి, కొందరి దోసిళ్ళలో ఎత్తునుండి పోసిన దినములు నేనెరుగుదును. ఈ చలివేంద్రమున అట్టి భేద ముండరాదు. మన పిల్లలతో బాటు ఊరి పిల్లలందరును ఒక్క మైదానమున పరుగెత్తుచున్నారు. ఒక్క కడవ నీరే త్రాగవలెను. నాడు నేను గద్దించిన పిల్లవాడు మన కులము వాడే. వానిని నిలిపిన కుండ యే కులపుదని ఆ గడియలో నెవ్వరును విచారింపలేదు. ఆ తల్లి ఋణము నేను తీర్చలేకపోయితిని. ఈ సంఘము తీర్చునని నమ్మి, నా పెన్షనులో నొక నెల సొమ్మును ఆ కార్యమునకు తొలి చందాగా అధ్యక్షులవారి చేతి కిచ్చుచున్నాను.

బిడ్డలు ఆరోగ్యవంతులై, విజయవంతులై వర్ధిల్లుదురు గాక!